ఆగ్నేయం మూల గీజరు

మా అత్తకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదని జగిత్యాలలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి అటు తిప్పి, ఇటు తిప్పి, అద్దాల మీదుగా ఆమెను ఎగాదిగా చూసి, "అమ్మా, రోజుకు ఎన్ని బీడీలు తాగుతవు?" అని అడిగాడు.

మా అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆస్పత్రి మెట్లెక్కడానికి లేని ఊపిరి కొట్లాటకు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చింది.

"బీడీలు చేసిన గని తాగలే సారూ! నీ కండ్లకు నేను గట్ల కనవడ్తున్ననా?"

నిజమే. పెళ్లికి ముందు ముస్తాబాద్‌లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చేసింది. పెళ్లయి సిరిసిల్ల వచ్చాక సాంచాలకు కండెలు చుట్టింది. సాంచాలంటే మరమగ్గాలు. మా ఇంటి ముందు షెడ్డులో ఇప్పటికీ ఆడుతున్నాయి, మా మాటలు మాకే వినపడకుండా చేస్తున్నాయి. అంతేగానీ ఆమె ఒక్క బీడీ ముట్టించిన పాపాన పోలేదు. డాక్టరు ఎక్స్‌రేను నమ్మాలో ముసలమ్మను నమ్మాలో తేల్చుకోలేక నా వైపు చూశాడు.

"బీడీ కాదు సార్, కాగు," అన్నాను.

మా పెరట్లో రేకుల కింద ఒక మట్టి పొయ్యి ఉంది. దాని మీద రాగి కాగు. ఇద్దరు పడితే తప్ప దిగని నీళ్ల కుండ అది. మసి పట్టీ పట్టీ తాను రాగి అన్న సంగతి దానికే గుర్తు లేదు. మా అత్త కోడి కంటే ముందు లేచి, ముస్తాబాద్ నుంచి ఆటోలో తెప్పించుకున్న పత్తి కట్టెలు ఎగదోసి, గొట్టంతో ఊది ఊది, ఇంటిల్లిపాదికీ ఉడుకు నీళ్లు పెడుతుంది. చలికాలం ఒక్కటే అనుకునేరు. రోహిణి కార్తెలో సిరిసిల్ల మొత్తం పెనంలా కాలుతున్నప్పుడు కూడా పెడుతుంది. నీళ్లు తోడి బకెట్ నింపి ఒక్కొక్కరినీ కేకేస్తుంది: "నీళ్లు తోడిన, లేస్తవా, మీద గుమ్మరియ్యాల్నా?" ఆ కేకకు లేవని మగవాడు ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

డాక్టరు మొత్తం విని పెన్ను కింద పెట్టాడు. "మందు తర్వాత సంగతమ్మా. ముందుగాల పొగ బందు గావాలె. గిట్లనే ఊదుకుంట కూసుంటే వచ్చే చలికాలం ముక్కుకు గొట్టం పెట్టుకొని, ఆక్సిజన్ మీద పండుతవు. తర్వాత నా తాన చేసేదేం ఉండది," అన్నాడు. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఒకటి రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్లి చూస్తే మా అత్త పొయ్యి ముందు కూర్చుంది. ఒక చేతిలో పంపు, ఇంకో చేతిలో ఊదు గొట్టం. పంపు ఒక దమ్ము పీల్చి, ఆ వచ్చిన బలంతో పొయ్యి ఊదుతోంది.

"మందు మంచిగ పని చేస్తున్నది పిల్లా," అంది నన్ను చూసి. "కట్టెలు జెప్పన అంటుకుంటున్నయ్."

నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆ ఇంట్లో నాతో సరిసమానంగా కొట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోతే మిగిలేది మా ఆయన. ఆయనతో కొట్లాటకు దిగడం శుద్ధ దండగ. మాట మంచి పాకాన పడేవేళకు "సాంచా ఆగినట్టున్నది" అని లేచిపోతాడు. ఆమెను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ కాగు ఆమెను తినేయకముందే దాన్ని ఇంట్లోంచి సాగనంపాలని ఆ పొద్దున పొగలో దగ్గుతూ నిర్ణయించుకున్నాను.

నా పుట్టిల్లు కోరుట్ల. మా అన్న దోస్తుకు అక్కడ గీజర్ల దుకాణం ఉంది. మా ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన రానన్నాడు గానీ, మా అన్న ఇంట్లో మటన్ వండుతున్నారని చెప్పాక సాంచాలు వాటంతట అవే ఆగిపోయాయి.

"రా చెల్లె, రా బావా, బైఠో," అన్నాడు దుకాణం భాయి. ఇంట్లో ఉర్దూ, గల్లాపెట్టె దగ్గర తెలుగు, రెండూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు. గోడ నిండా తెల్లటి డబ్బాలు వేలాడుతున్నాయి. ముందు పెద్ద పొట్ట ఉన్నది చూపించాడు. కరెంటుది. పొట్ట నిండా నీళ్లు కాగబెట్టి ఉంచుతుంది, అయిపోతే మళ్లీ కాగేదాకా బట్టలు విప్పుకుని నిలబడాలి.

"కరెంటు, నీళ్లు, రెండు ఒక్క డబ్బాలనా?" అన్నాడు మా ఆయన. పుట్టినప్పటి నుంచి మోటార్ల మధ్య బతుకుతున్న మనిషి. ఎన్నిసార్లు షాక్ కొట్టించుకున్నాడో ఆయనకే తెలియదు. కరెంటు అంటే భయమూ, భక్తీ.

తర్వాత చిన్న కరెంటుది చూపించాడు. దీనికి నీళ్లు నిలవబెట్టే పొట్టే లేదు, పోతూపోతూ కాగుతాయట. అక్కడే నల్లా తిప్పి చూపించాడు. నీళ్లు వేడిగానే వచ్చాయి, సన్నగా.

"బొడ్డూడని పోరడు ఉచ్చ వోసినట్టున్నది," అన్నాడు మా ఆయన. "బకెట్ నిండేసరికి పొద్దుగూకుతది."

భాయి నవ్వి మూడోది చూపించాడు. ఇది గ్యాసుది. ముందువైపు చిన్న కిటికీ. "ట్యాంక్ గీంక్ ఏం లేదు చెల్లె. నల్లా తిప్పంగనే టిక్ టిక్ అని అంటుకుంటది. నీళ్లు పోంగనే కాగుతయ్. బందు జేస్తే మంట ఆరిపోతది. పొగ రాదు, మసి రాదు. లేకిన్ ఒక్క మాట బావా, బాత్రూం లోపల పెట్టద్దు. బయట గోడకు పెట్టాలె, గాలి ఆడాలె. లోపల పెట్టి తలుపేసుకుంటే గాలాడక సచ్చుడే, మనిషి మీద ఫాతిహా సదువుడే."

నేను ఈ చివరి మాటకు భయపడ్డాను. మా ఆయన మొహం మాత్రం వెలిగింది.

"బయట గోడకంటే ఆగ్నేయం మూలకు పెట్టచ్చు," అన్నాడు.

ఇక్కడ మా ఆయన సంగతి కొంచెం చెప్పాలి. దేవుడి మీద ఆయన నమ్మకం అంతంత మాత్రం. పండగనాడు గుడికి పొమ్మంటే చెప్పులు పోతాయంటాడు. వాస్తు అంటే మాత్రం ప్రాణం పెడతాడు. చీరల ఆర్డరు ఆగిపోతే ఈశాన్యంలో చీపురు పెట్టానని నన్ను తిట్టాడు. నూలు ధర పెరిగితే వాకిలి గేటు జరిపించాడు. నిప్పు అన్నది ఏదైనా సరే ఆగ్నేయంలో ఉండాలి. మా వంటిల్లు ఆగ్నేయంలోనే ఉంది. బాత్రూము మాత్రం సరిగ్గా దానికి ఎదురుమూల, వాయవ్యంలో, పెరటి చివర ఉంది. గీజరులో మంట ఉంది కాబట్టి అది అగ్ని. అగ్ని కాబట్టి వంటింటి బయటి గోడకే ఉండాలి. కాగు పొయ్యి ఇన్నేళ్లుగా పెరట్లోనే మండుతోంది కదా అని అడిగాను.

"గది పోర్టబుల్," అన్నాడు.

బిగించడానికి వచ్చిన ప్లంబరు గీజరును చూశాడు, బాత్రూమును చూశాడు, మధ్యలో ఉన్న ఇంటిని చూశాడు. "అన్నా, నీళ్లు బాత్రూంకు వోవాల్నా, వేములవాడకు వోవాల్నా?" అని అడిగాడు. అయినా గొట్టాలు వేశాడు. అవి వంటింటి గోడ దిగి, నడవ వెంట నడిచి, సాంచాల షెడ్డు వెనకగా తిరిగి, దేవుడి గది పక్కనుంచి పోయి, పెరటి గోడ పట్టుకుని, చివరికి బాత్రూము చేరాయి. ఇంటికి ప్రదక్షిణం పూర్తయింది.

మా ఆయన గీజరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించాడు. మా అత్త దాని కిటికీలోకి తొంగిచూసి, "పొగ లేదు, సెగ లేదు, గిది ఏం నిప్పురా?" అంది. మొదటి స్నానం ఇంటి పెద్దే చేయాలని మా ఆయన బాత్రూములోకి వెళ్లాడు. నన్ను వంటింట్లో కాపలా పెట్టాడు.

"అంటుకున్నదా?" పెరటి చివర నుంచి అరుపు.

"అంటుకున్నది!"

"మరి సల్లగనే అస్తున్నయ్!"

"నడిచి రావాల్నా వద్దా?"

ముందు గొట్టాల్లో ఉన్న చన్నీళ్లన్నీ వచ్చాయి. తర్వాత వేడి నీళ్లు బయల్దేరాయి గానీ, నడవ దగ్గర సగం వేడి, పెరటి గోడ దగ్గర మిగతా సగం వదిలేసి, బాత్రూము చేరేసరికి ఎవరో తాగి వదిలేసిన చాయిలా ఉన్నాయి. సబ్బు రుద్దుకోవడానికి ఆయన నల్లా కట్టేశాడు. ఇక్కడ మంట ఆరింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి చన్నీళ్ల ఊరేగింపు. చివరికి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, "మస్తుగున్నయ్, పానం అల్కగైంది," అన్నాడు.

"మరి పండ్లెందుకురా కొట్టుకుంటున్నయ్?" అంది మా అత్త.

ఆ తర్వాత నా వైపు తిరిగి తీర్పు చెప్పింది. "గిది మీ మామ అసుంటిది పిల్లా. వంటింట్ల ఉరుముతది, వాకిట్లకచ్చేసరికి సల్లవడ్తది."

మా మామ పోయి చాలా ఏళ్లయింది. ఉన్నా ఆ మాట కాదనలేకపోయేవాడు.

మర్నాటి నుంచి కాగు మళ్లీ గద్దెనెక్కింది. ఇదివరకైనా కొంచెం మొహమాటం ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. గీజరు ఓడిపోయింది కాబట్టి ఆమెది పైచేయి. తెల్లవారకముందే పెరట్లోంచి దగ్గు మొదలయ్యేది. ఒక్కోసారి దగ్గు ఆగకపోయేది, ఆగితే ఇంకా భయమేసేది. పక్కమీద లేచి కూర్చుని మళ్లీ దగ్గుతుందా లేదా అని చెవులు రిక్కించేదాన్ని. దగ్గు వినిపించాక తిట్టుకుంటూ పడుకునేదాన్ని.

గీజరు జరపమంటే మా ఆయన వినడు. వాస్తును మించిన మాట ఆయనకు ఒక్కటే, ఇంకొంచెం పెద్ద వాస్తు. కాబట్టి కోరుట్లలో పెళ్లికి పోయి వచ్చిన రోజు అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పాను. "పెండ్లికాడ సిద్ధాంతి ఒకాయన కలిసిండు. మన ఇంటి సంగతి చెప్పిన. ఇంటికి ఒక ఆగ్నేయం ఉంటదట, అండ్లున్న ఒక్కో అర్రకు దాని ఆగ్నేయం దానికుంటదట. బాత్రూం నిప్పు బాత్రూం ఆగ్నేయంలనే ఉండాలెనట. వంటింటి నిప్పును తీస్కపోయి బాత్రూంకు వాడితే ఇంట్ల సంపాదన గట్లనే సల్లవడ్తదట."

సిద్ధాంతి లేడు. పెళ్లిలో నేను మాట్లాడింది ఐస్‌క్రీము దగ్గర నిలబడ్డ మా వదినతో మాత్రమే. కానీ ఆ చివరి వాక్యం అన్నాక మా ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది. సంపాదన చల్లబడటం ఆయన రోజూ కళ్లారా చూస్తున్నదే. పైగా ఇన్నాళ్లుగా చన్నీళ్లు పోసుకుని ప్రాణం తేలికైందని అబద్ధమాడి అలిసిపోయాడు.

"గది ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాడు.

ప్లంబరు మళ్లీ వచ్చాడు. గీజరు బాత్రూము బయటి గోడకు, దాని సొంత ఆగ్నేయం మూలకు చేరింది. వాన పడకుండా పైన రేకు వేయించాం, పక్కన సిలిండరు పెట్టాం. నల్లా తిప్పగానే టిక్ టిక్ టిక్, భుగ్గు. చేయి పెట్టి తీసేలోపు వేడి.

దానికీ దాని పొగరు ఉందిలెండి. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు అడుగంటితే ధార సన్నబడుతుంది, సన్నబడితే మంట అలుగుతుంది. లోపల సెల్లులు అయిపోతే ఎంత టిక్‌మన్నా అంటుకోదు. మా ఆయన గోడ గడియారంలో సెల్లులు తీసి దానికి వేసేవాడు, ఆ రోజంతా మా ఇంట్లో ఒకే టైము. ఒకసారి తల నిండా సబ్బు ఉండగా గ్యాసు అయిపోయింది. తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఉడుకుతున్న పప్పు కింది సిలిండరు ఊడబీక్కుని పోయాడు. ఇన్ని చేసినా ఆ గీజరంటే నాకు ఇష్టం. పొగ లేని పెరడు ఎలా ఉంటుందో దాని పుణ్యాన తెలుస్తుందనుకున్నాను.

తెలియలేదు. మా అత్త ఆపలేదు.

అందరమూ గీజరు నీళ్లు పోసుకుంటున్నా, ఆమె కాగు నిండా నీళ్లు కాగబెట్టి, బకెట్ నింపి, "నీళ్లు తోడిన" అని అరిచేది. తల్లి మాట కాదనలేక మా ఆయన ఒకసారి గీజరు దగ్గర, ఒకసారి కాగు దగ్గర, పొద్దున్నే రెండు స్నానాలు చేసేవాడు. సిరిసిల్లలో అంత శుభ్రమైన మగవాడు ఇంకొకడు ఉండడు. నేను ఊదు గొట్టం దాచేశాను. ఆమె షెడ్డులోంచి నూలు అయిపోయిన ఖాళీ కోను తెచ్చి దాంతో ఊదింది.

ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు సస్తవు అత్తమ్మా! డాక్టర్ చెప్పలేదా? నువ్వు గీ పొయ్యి ముంగట పడి సస్తే నేనేం గావాలె?" అని అరిచాను. 

ఆమె పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసింది. "పొద్దుగాల లేసి ఏం జెయ్యాల్నే మరి? గోడకు చూసుకుంట కూసోవాల్నా?" అంది. అంతటితో ఆగక, "గా డబ్బ నీళ్లు నాకద్దు. మీరు వోసుకోండ్రి," అని మొహం తిప్పుకుంది.

ఆ చలికాలం మధ్యలో ముసురు పట్టింది. ఎండ లేదు, కట్టెలు నానాయి. నానిన పత్తి కట్టె మండదు, పొగ మాత్రం ఊరికి సరిపడా ఇస్తుంది. ఆ పొద్దున దగ్గు వినిపించి, ఆగి, మళ్లీ వినిపించలేదు. పరుగెత్తాను. మా అత్త పొయ్యి పక్కన గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, చేత్తో నేలను తడుముతోంది. పంపు బూడిదలో పడి ఉంది. తుడిచి నోట్లో పెట్టి నొక్కాను, మళ్లీ నొక్కాను. ఎంతసేపటికో ఊపిరి లోపలికి పోయిన చప్పుడు వినబడింది. అంత భయం నేను నా పురుళ్లప్పుడు కూడా పడలేదు.

కాస్త తేరుకున్నాక చూస్తే ఆమె మొహమంతా మసి, చీరంతా బురద, ఒళ్లు చల్లగా ఉంది.  చేయి పట్టి బాత్రూములోకి నడిపించి, పీట మీద కూర్చోబెట్టి, బకెట్ కింద పెట్టి, నల్లా తిప్పి, చేతికి మగ్గు ఇచ్చాను. వద్దనడానికి కూడా ఓపిక లేనట్టుంది, మగ్గు అందుకుంది. తలుపు దగ్గరేసి బయట నిలబడ్డాను.

నీళ్ల చప్పుడు వస్తూనే ఉంది. నేను పొయ్యి ఆర్పాను, బూడిద ఎత్తాను, ఆమెకు పొడి చీర తెచ్చాను. చప్పుడు ఆగలేదు. మా ఆయన షెడ్డులోంచి వచ్చి, "ఇంక అయిపోలేదా?" అని అడిగాడు.  తలుపు కొట్టాను.

"అత్తమ్మా! ఓ అత్తమ్మా!"

ఇంకా గట్టిగా కొట్టాను.

"ఆగవే! ఇంక ఒడువలే!" విసుగ్గా పలికింది లోపలి నుంచి.

"ఏం అయిపోలే?"

"నీళ్లు!"

తలుపు కొంచెం తోశాను. ఆవిరి మొహానికి కొట్టింది. మా అత్త జుట్టు విరబోసుకుని పీట మీద కూర్చుంది. ఒళ్లు ఎర్రగా, మొహం నిగనిగలాడుతూ ఉంది. మగ్గు చేతిలో పట్టుకుని నల్లా వైపు అనుమానంగా చూస్తోంది.

"ఎంత వోసుకున్నా ఉడుకుడుకే అస్తున్నయ్ పిల్లా. ఒడిసినంక లేద్దామని చూస్తున్న. ఒడుస్తనే లెవ్వు."

"ఒడవయ్ అత్తమ్మా. నల్లా తిప్పినంత సేపు అట్లనే అస్తయ్."

ఆమె నల్లా కింద చేయి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"ఆఖరు మనిషికి సుత గిట్లనే అస్తయా?"

 ఆమే చెప్పుకుంటూ పోయింది, నాతోనో నల్లాతోనో. "మీ మామ, మరుదులు, పోరగండ్లు, నువ్వు, అందరియి అయినంక కాగు అడుగున గిన్ని మిగులుతుండె. గండ్ల సన్నీళ్లు కలుపుకొని వోసుకుందును. నా పెయ్యి మీద ఉడుకు నీళ్లు పడ్డయంటే బాలింతగున్నప్పుడే. మా అవ్వ వోసింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపం. పోయిన మామ మీద, పెళ్లిళ్లయి వేరుపడ్డ మరుదుల మీద, పొద్దున్నే ఆ బకెట్ ముందు చేతులు చాపిన మా అందరి మీద. ఆ రాగి కాగును ఎత్తి వాకిట్లో విసిరేయాలనిపించింది. "ఆఖరు మనిషికి సుత గిట్లనే అస్తయ్ అత్తమ్మా," అన్నాను.

బయట వాన పెద్దదైంది. మా ఆయన తాట్‌పత్రి పట్టా నెత్తి మీద పట్టుకుని పెరట్లో నిలబడి అరిచాడు. "అవ్వా! నీ కట్టెల మోపు తడుస్తున్నది. కప్పాల్నా, లోపలెయ్యాల్నా?"

మా అత్త నిండు మగ్గు తల మీంచి పోసుకుంది. ఇంకోటి ముంచింది.

"తడువనియ్ తీయ్ కొడుకా," అంది. తర్వాత నా వైపు చూసి, "తలుపెయ్యవే, సలి వెడ్తున్నది," అంది.